సలుపు ఆగిన పన్ను

శ్రోతలకు నమస్కారం.

పగలంతా ఓర్చుకున్న పంటినొప్పి రాత్రి పడుకోగానే ఎందుకు చంపేస్తుంది? పంటి లోపల సన్నని గది ఒకటుంటుంది. నరమూ రక్తనాళాలూ అందులోనే. పిప్పి అక్కడిదాకా తొలుచుకుపోతే లోపల వాస్తుంది. చేతిమీద గడ్డ లేస్తే చర్మం సాగి చోటిస్తుంది. పంటి గోడ సాగదు. వాచినది నరాన్నే నొక్కుతుంది. పడుకుంటే తలకు రక్తం ఎక్కువ చేరి ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. అందుకే ఆ రాత్రి రెండు దిండ్లు వేసి తల ఎత్తులో పెట్టుకోండి.

గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అరచెంచా ఉప్పు కలిపి, అర నిమిషం పుక్కిట పట్టి ఉమ్మేయండి. లవంగ నూనె దూదిమీద ఒక్క చుక్క, పంటి గుంటలో మాత్రమే. చిగురుకు తగిలితే కాలుతుంది. పారాసిటమాల్ పడేవాళ్లయితే పెద్దవాళ్లు 500 మిల్లీగ్రాముల బిళ్ల ఒకటి వేసుకోవచ్చు, ఆరు గంటల లోపల రెండోది వద్దు. ఆస్పిరిన్ బిళ్లను చిగురు పక్కన నొక్కిపెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. దయచేసి మానండి, అక్కడ పుండు పడుతుంది.

అసలు మాట ఇప్పుడు. కొన్నాళ్లు సలిపి సలిపి ఒక పొద్దున నొప్పి ఉన్నట్టుండి ఆగిపోతుంది. హమ్మయ్య అనుకుని కనిగిరికో ఒంగోలుకో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన బస్సు మానుకుంటారు. నొప్పి ఆగింది, జబ్బు ఆగలేదు. నరం చచ్చిపోయింది. చచ్చిన నరానికి నొప్పి తెలియదు. చీము మాత్రం వేరు కొస దగ్గర చేరుతూనే ఉంటుంది. ఇక మందుల షాపులో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్ ఏం చేస్తుంది? రక్తం పారని గదిలోకి మందు చేరదు. మళ్లీ చెబుతున్నాను, నొప్పి ఆగినా వెళ్లండి.

డాక్టరు ఎక్స్‌రే తీసి, మొద్దుబారే ఇంజక్షన్ ఇస్తారు. పన్ను నిలబడేదైతే రూట్ కెనాల్: పంటికి పైన చిన్న రంధ్రం చేసి, సన్నని ఫైళ్లతో వేరు గొట్టాలు శుభ్రం చేసి, నింపి మూస్తారు. దవడ పన్నయితే పైన తొడుగు వేయించుకోవడం మంచిది, లేకపోతే కొరికేటప్పుడు చిట్లవచ్చు.

పీకాల్సి వస్తే, ఆ గుంటలో గడ్డకట్టే రక్తమే మీకు కట్టు. గాజుగుడ్డ అరగంట నుంచి ముప్పావు గంట గట్టిగా కొరికి పట్టండి. ఇరవై నాలుగు గంటలు ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు, స్ట్రాతో తాగొద్దు. బీడీ అసలొద్దు. ఆ గడ్డ ఊడితే ఎముక బయటపడి, రెండో మూడో రోజుకు మొదటిదాన్ని మించిన నొప్పి వస్తుంది. చేపల పులుసు ఆ పూటకు పక్కన పెట్టి చల్లని పెరుగన్నం తినండి.

మన మెట్ట ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్లమీద గోధుమరంగు చారలుంటాయి. అన్నీ పిప్పి కావు, వాటిని చూసి పన్ను పీకించుకోవాలని తొందరపడకండి.

వెళ్లేటప్పుడు, డాక్టరు వద్దనకపోతే, ఏదైనా తిని వెళ్లండి. షుగరు, బీపీ, రక్తం పలచబరిచే మాత్రల షీట్లు వెంట తీసుకెళ్లి చూపించండి, మీ అంతట మీరు ఆపొద్దు. బుగ్గ వాపు కంటివైపు ఎక్కినా, దవడ కిందికి దిగినా, నోరు తెరవలేకపోయినా, మింగుడు పడకపోయినా తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లండి.