మూడు లీటర్ల ఆయిల్ మీద బతికే ఇంజన్

అన్నలూ, తమ్ముళ్లూ, అందరికీ నమస్కారం. మైకు పట్టుకుని మాట్లాడటం నాకు అలవాటు లేదు, షెడ్డులో అయితే బానెట్ ఎత్తి చూపిస్తూ మాట్లాడేస్తాను. అందుకే ఈ పాత చైన్ ముక్కొకటి జేబులో వేసుకొచ్చా, చూసి పక్కవాళ్లకి ఇవ్వండి.

రెండు చివర్లూ పట్టుకుని పక్కకి వంచండి. ఎలా వాలిపోతోందో చూశారా? కొత్తది ఇంతలా వాలదు. ఇది ఫియట్ 1.3 మల్టీజెట్ డీజిల్ ఇంజన్ టైమింగ్ చైన్, అంటే పిస్టన్లకీ వాల్వులకీ తాళం తప్పకుండా కలిపి నడిపే చైన్. పేరు కొత్తగా ఉందా? పాత స్విఫ్ట్, డిజైర్ డీజిల్ బళ్లు నడిపే ఉంటారు, ఇండికా విస్టా క్వాడ్రాజెట్, పుంటో, వాటిలోదీ ఇదే. ఒకరు డీడీఐఎస్ అన్నారు, ఇంకొకరు క్వాడ్రాజెట్ అన్నారు, బోర్డు మారింది గానీ సరుకు ఒకటే. 2003లో యూరప్‌లో వచ్చింది, మన దగ్గర 2007లో స్విఫ్ట్‌లో దిగింది, 2020 ఏప్రిల్‌లో పొగ కాలుష్యం మీద బీఎస్6 రూల్ వచ్చేసరికి కొత్త బళ్లలోంచి పోయింది. పోయిందంటే షోరూముల్లోంచే, రోడ్డు మీద ఇంకా బోలెడున్నాయి.

1248 సీసీ, నాలుగు సిలిండర్లు, 16 వాల్వులు. మామూలు టర్బో ఉన్నదానికి 4000 ఆర్‌పీఎం దగ్గర 75 హార్స్‌పవర్, 2000 దగ్గర 190 న్యూటన్ మీటర్ల టార్క్. ఈ 2000 అన్న అంకె గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే దానికి కింద ఈ బండి లాగదు. ఫ్లైఓవర్ ఎక్కుతూ మూడో గేర్‌లోనే ఉండి పికప్ లేదని నా మీదకి వస్తారు, గేర్ దించండి బాబూ, అది రోగం కాదు, దాని స్వభావం.

ఇక చైన్ సంగతి. చైన్ బదులు బెల్టు ఉన్న బండికి ఇన్ని కిలోమీటర్లకి మార్చాలని అందరికీ తెలుసు. చైన్ అనేసరికి జీవితాంతం ఉంటుందనుకుని వదిలేస్తారు. కానీ ఆ చైన్‌ని బిగువుగా పట్టుకునే టెన్షనర్ పనిచేసేది ఆయిల్ ప్రెషర్‌తో. ఇంజన్‌లో పట్టే ఆయిలే మూడు లీటర్ల చిల్లర, అందులో ఒక లీటరు తగ్గినా, మడ్డిలా మారినా టెన్షనర్ పట్టు వదులుతుంది. టర్బోకి పోయేదీ ఆ ఆయిలే.

ఒకాయన బండి తోయించుకుని వచ్చాడు, లక్షన్నర తిరిగినా ఇంజన్ ముట్టుకోలేదని గొప్పగా చెప్పాడు. ఆయిల్ లెవెల్ చూసే గేజి పుల్ల తీస్తే చివర మాత్రమే తడి, వేళ్ల మధ్య రుద్దితే కాటుకలా అంటుకుంది. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే గలగలమని చప్పుడు వచ్చేదా అని అడిగా. వచ్చేదట, ఆర్నెల్ల నుంచి, రెండు సెకన్లలో ఆగిపోయేది కదా అని పట్టించుకోలేదట. అది వదులైన చైన్ చప్పుడు. చైన్ పళ్ల చక్రం మీద ఒక పన్ను దాటింది, పిస్టన్లు వాల్వులకి తగిలాయి, వాల్వుల్ని నొక్కే రాకర్లు విరిగాయి. హెడ్ దించక తప్పలేదు.

ఆయిల్ రంగు చూసి మాత్రం భయపడొద్దు, డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కూడా రెండ్రోజులకే నల్లబడుతుంది. చూడాల్సింది లెవెలూ, తిరిగిన కిలోమీటర్లూ. నేనైతే పదివేలు దాటనివ్వను, ఊళ్లోనే తిరిగే బండి అయితే ఇంకా ముందే మారుస్తా.

పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వులో మసి పట్టడం కూడా మామూలే, పికప్ తగ్గి నల్లపొగ వస్తే ముందు దాన్ని విప్పి కడిగించండి, నేరుగా ఇంజెక్టర్ల మీద పడకండి. ఇంజెక్టర్ల దగ్గర డీజిల్ 1600 బార్ల దాకా ప్రెషర్‌లో ఉంటుంది, మీ టైరులో గాలి రెండు బార్ల పైచిలుకే, లెక్క వేసుకోండి. ఇంజన్ ఆన్‌లో ఉండగా ఆ పైపు నట్టు వదులు చేయడం లాంటి పాత అంబాసిడర్ విద్యలు ఇక్కడ చేస్తే వేలు పోతుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు పొద్దున్నే, చెప్పకుండా వెళ్లండి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఆ చైన్ గలగల చప్పుడు మీకు వినపడకుండా ముందే స్టార్ట్ చేసి ఉంచారేమో అని అనుమానించండి, మర్నాడు మళ్లీ వస్తానని చెప్పి వచ్చేయండి.

అడగాల్సినవి ఉంటే అడగండి. ఆ చైన్ ముక్క ఎవరి దగ్గరుంది, ఇటు పంపండి.