వంటింటి కవయిత్రి మేరీ లీపర్

శ్రోతలకు నమస్కారం.

1740లలో ఇంగ్లండ్‌లో ఒక పనిపిల్ల నాటకం రాసింది. దాని రాతప్రతి లండన్‌కు వెళ్ళింది. అక్కడ ఎవరికీ అక్కర్లేక తిరిగొచ్చింది. వచ్చేటప్పటికి కాగితాల మీద ఎర్ర వైన్ మరకలు! ఎవరో తాగుతూ దాని మీద ఒలకబోసినట్టున్నారు. ఆమె ఆ మరకల మీద కూడా ఒక కవిత రాసింది. ఊరు తిరిగొచ్చిన బిడ్డను గుమ్మంలో పలకరించినట్టు ఆ నాటకాన్నే పలకరిస్తుంది. రా నాయనా, ఎక్కడెక్కడ తిరిగావు, ముఖం అంత ఎర్రబడిందేం, నువ్వేనంటే నమ్మలేకపోతున్నాను అంటుంది. మనసుకు తగిలిన దెబ్బను అంత తేలిగ్గా, అంత ముద్దుగా చెప్పడం ఎంతమందికి వస్తుంది?

ఆమె పేరు మేరీ లీపర్. 1722లో నార్తాంప్టన్‌షైర్‌లో పుట్టింది. తండ్రి ఫిలిప్ తోటమాలి. పదేళ్ళ వయసుకే ఏదో ఒకటి గిలికేదట. మొదట్లో మురిసిపోయిన తల్లి, ఈ రాతలు కూడు పెట్టవని తర్వాత మాన్పించాలని చూసింది. ఆ తల్లి బాధ నాకు అర్థమవుతుంది. పేదింటి ఆడపిల్లకు అప్పట్లో దొరికేది ఇళ్ళలో పని.

మేరీ కూడా వంటపనికే వెళ్ళింది. మొదట కుదిరిన వెస్టన్ హాల్‌లో అదృష్టం కొద్దీ పుస్తకాలుండేవి. యజమానురాలు సుసానా జెన్నెన్స్ తానూ కవిత్వం రాసే మనిషి. తర్వాత చేరిన ఇంట్లో ఆ ఆదరణ లేదు. పొయ్యి దగ్గర ఊచకు గుచ్చిన మాంసం తిప్పాలి. ఈమె కలం పట్టుకుంటే తిప్పడం ఆగిపోయేది, మాంసం మాడిపోయేది అని తర్వాత చెప్పుకున్నారు. చివరికి పని పోయి, బ్రాక్లీలో తండ్రి దగ్గరికి వచ్చేసింది.

ఆ ఇళ్ళ అనుభవంలోంచే ఆమె గొప్ప కవిత 'క్రంబుల్ హాల్' పుట్టింది. జమీందారుల భవంతుల్ని పొగుడుతూ పద్యాలు రాయడం అప్పటి కవులకు మామూలే. వాళ్ళు అతిథులుగా వెళ్ళి, హాల్లో కూర్చుని చూసినవాళ్ళు. మేరీ మనల్ని గదిగదికీ తిప్పి వంటింట్లోకి తీసుకెళ్తుంది. తిండి ఎక్కువై గుర్రుపెడుతున్న రోజర్ కనిపిస్తాడు. వాడి మీద మనసుపడ్డ ఉర్సులా, నీ ధ్యాసలో పడి నా కోళ్ళకు మేత కూడా వేయడం లేదు కదా అని గోడు వెళ్ళబోసుకుంటుంది. ఇంతలో అంట్లు గుర్తొస్తాయి. జిడ్డు ఏప్రన్ నడుముకు చుట్టుకుని, సలసలలాడే నీళ్ళలో గుడ్డ ముంచి పళ్ళాలు తోముతుంది. తగరపు పళ్ళాలు మళ్ళీ తళతళమంటాయి. చేతులు కాలిన మనిషి రాసిన పంక్తులివి. అదే కవితలో, కొత్త గది కట్టడానికి యజమాని పాత చెట్లు కొట్టించేస్తుంటే ఆమెకు కడుపు మండుతుంది.

ఆమె ఇంట్లో ఉన్నవి పదహారో పదిహేడో పుస్తకాలు. వాటిలో ఆ కాలపు పెద్ద కవి అలెగ్జాండర్ పోప్ రచనలున్నాయి. ఆయన్ని చదివే ద్విపదలు నేర్చుకుంది. కానీ ఆడవాళ్ళ గురించి తను చూసిందే రాసింది. పెళ్ళయితే చెర, కాకపోతే చిన్నచూపు. అందంగా లేకపోతే ఈసడింపు, ఉంటే మోసం. 'స్త్రీని గురించి' అనే కవితలో ఈ నాలుగు మాటలూ వరసగా అనేస్తుంది. ఇరవై ఏళ్ళు దాటీదాటని పిల్ల!

చివరి పధ్నాలుగు నెలల్లో ఆమెకు ఒక మంచి స్నేహం దొరికింది. బ్రిడ్జెట్ ఫ్రీమాంటిల్ ఒక చర్చి గురువు కూతురు. ముందుగా చందాలు పోగుచేసి పుస్తకం వేద్దామని పట్టుబట్టింది ఆమే. ఆ పని పూర్తికాకముందే మేరీకి తట్టు సోకింది. 1746 నవంబర్ 12న చనిపోయింది. ఇరవై నాలుగేళ్ళు. నా కవితలు అచ్చువేసి, వచ్చే డబ్బు మా నాన్నకివ్వండి అని పోయే ముందు స్నేహితురాలిని అడిగింది.

1748లో మొదటి సంపుటి వచ్చింది. సుమారు 600 మంది చందాలు కట్టారు. 1751లో రెండో సంపుటిని నవలా రచయిత శామ్యూల్ రిచర్డ్‌సన్ తన ప్రెస్‌లో అచ్చువేశాడు. 'క్రంబుల్ హాల్' అందులోనే ఉంది. లండన్ నుంచి వైన్ మరకలతో తిరిగొచ్చిన ఆ నాటకం కూడా అందులోనే ఉంది.