బ్లోయర్లు పెంచితే సరిపోదా? ఎస్‌టీపీ అప్‌గ్రేడ్‌లో అమ్మోనియా తలనొప్పి

నమస్తే. మూసీ వీడియో పెట్టినప్పటి నుంచి కింద ఒకటే కామెంట్: "పాత ఎస్‌టీపీల్లో (మురుగు శుద్ధి ప్లాంట్లలో) ఇంకో రెండు బ్లోయర్లు (ట్యాంక్‌లోకి గాలి ఊదే మిషన్లు) బిగిస్తే కొత్త లిమిట్ వచ్చేస్తుంది కదా, వేల కోట్లు దేనికి?" చదివినప్పుడల్లా ఒళ్లు మండుతోంది. రాసినవాళ్ల మీద కాదు లెండి, వాళ్లకి అలా అనిపించేలా చెప్పే వార్తల మీద. ఎప్పుడు చూసినా ఇన్ని ఎమ్మెల్డీలు, అన్ని ఎమ్మెల్డీలు (ఒక ఎమ్మెల్డీ అంటే రోజుకి పది లక్షల లీటర్లు). లోపలికి ఎంత పోతోందన్నదే లెక్క. బయటికొచ్చే నీళ్లలో ఏం మిగిలిందో అడిగేవాడు లేడు.

[స్క్రీన్ మీద: రెండు వరుసల పట్టిక]

2017 అక్టోబర్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ చూడండి. మనలాంటి మెట్రోలకి బీఓడీ (నీళ్లలోని కుళ్లే పదార్థాన్ని బ్యాక్టీరియా తినడానికి పట్టే ఆక్సిజన్) లీటరుకి 20 మిల్లీగ్రాములు, టీఎస్ఎస్ (నీళ్లలో తేలే నలుసులు) 50. నైట్రోజన్ ఊసే లేదు. 2019 ఏప్రిల్‌లో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ దాన్ని బాగా బిగించింది: బీఓడీ 10, టీఎస్ఎస్ 20, మొత్తం నైట్రోజన్ 10. అందరి కళ్లూ 20 కాస్తా 10 అయిందన్న దగ్గరే ఆగిపోతాయి. ఆ చివరి అంకె చూడండి. కథంతా అక్కడే ఉంది.

చిన్న లెక్క వేద్దాం. 100 ఎమ్మెల్డీ ప్లాంట్ అనుకోండి, అంటే రోజుకి 10 కోట్ల లీటర్లు. బీఓడీని 20 నుంచి 10కి దించాలంటే రోజుకి ఇంకో టన్ను బీఓడీ తీసేయాలి. దానికి సుమారు టన్ను ఆక్సిజన్ చాలు. ఇక్కడిదాకా మీ బ్లోయర్ల వాదన కరెక్టే. ఇప్పుడు అమ్మోనియా రూపంలో ఉన్న నైట్రోజన్ లీటరుకి 30 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. అంటే రోజుకి 3 టన్నులు. ఒక్కో కిలోకి 4.57 కిలోల ఆక్సిజన్ పడుతుంది. మొత్తం దాదాపు 14 టన్నులు! కరెంటు బిల్లు సంగతి మీకే వదిలేస్తున్నా.

నైట్రోజన్ మీద ఇంత పట్టింపు ఎందుకంటారా? మన చెరువుల్లో గుర్రపు డెక్క చూశారుగా. మిషన్లు పెట్టి తీస్తారు, మళ్లీ కమ్మేస్తుంది. నాలాల్లోంచి దానికి ఎరువు పంపేది మనమే మరి.

పోనీ, ఆ 14 టన్నుల ఆక్సిజన్‌కి సరిపడా గాలీ ఊదేద్దాం. అయినా పని జరగకపోవచ్చు. ఎందుకో చెప్పడానికి పెళ్లి భోజనాల్లోకి వెళ్దాం. బఫే కాదు, బంతి భోజనాలు. మొదటి బంతి బీఓడీ తినే బ్యాక్టీరియా. వడ్డించేలోపే కూర్చుంటారు, గబగబా లాగిస్తారు, ట్యాంక్‌లో ఆక్సిజన్ ముందు వాళ్లకే. రెండో బంతి అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చే నైట్రోసొమోనాస్, నైట్రోస్పైరా. మొదటి బంతి లేస్తేగానీ వీళ్లకి చోటు దొరకదు. తినడం నిదానం, పెరగడం ఇంకా నిదానం. ప్లాంట్‌లో రోజూ కొంత స్లడ్జ్ (ఈ బ్యాక్టీరియా ఉండే బురద) తీసి పారేస్తారు కదా, ఆ తీసే వేగం వీళ్లు పెరిగే వేగాన్ని దాటిందా, రెండో బంతి కూర్చునేలోపే హాలుకి తాళం పడినట్టే. గాలి ఎంత ఊదినా ఏం లాభం, తినేవాళ్లే లేరు. కాబట్టి స్లడ్జ్‌ని ఎక్కువ రోజులు లోపలే ఉంచాలి. దానికి ట్యాంక్ చోటు కావాలి. మన ఎండలు ఇక్కడ కలిసొస్తాయి. చలిదేశాల్లో పది రోజులకి పైగా ఉంచాల్సిన స్లడ్జ్ ఇక్కడ అంతకన్నా తక్కువ రోజుల్లోనే పని చేసిపెడుతుంది.

అమ్మోనియా పోయింది, నైట్రేట్ వచ్చింది. ఆగండి, నైట్రేట్‌లో ఉన్నదీ నైట్రోజనే కదా? అందుకే మూడో బంతి. వీళ్లెవరో కొత్తవాళ్లు కాదు, చాలావరకు మొదటి బంతివాళ్లే. ఆక్సిజన్ దొరకనప్పుడు నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ని వాడుకుని, నైట్రోజన్‌ని వాయువుగా వదిలేస్తారు. కానీ తినడానికి వాళ్లకి మళ్లీ అదే బీఓడీ కావాలి. అదేమో మొదటి బంతిలోనే అయిపోయింది! ఉపాయం ఏంటంటే, మూడో బంతివాళ్లనే ముందు కూర్చోబెట్టడం. గాలి ఊదని ట్యాంక్‌ని ముందు కట్టి, పచ్చి మురుగు అందులోకి వదులుతారు. చివర్లో తయారైన నైట్రేట్ నీళ్లని పంపులతో వెనక్కి తెచ్చి అదే ట్యాంక్‌లో కలుపుతారు. (ఎంగిలి విస్తళ్లు వెనక్కి తెచ్చి వేసినట్టుంది, తెలుసు. కాస్త సర్దుకోండి.)

ఇప్పుడు హైదరాబాద్‌లోని అంబర్‌పేట 339 ఎమ్మెల్డీ, నాగోల్ 172 ఎమ్మెల్డీ పాత ప్లాంట్ల దగ్గరికి వద్దాం. అవి యూఏఎస్‌బీ రకం. మురుగు కింది నుంచి చిక్కటి బురద పొర గుండా పైకి వస్తుంది, ఆక్సిజన్ అక్కర్లేదు, బీఓడీలో పెద్ద భాగం మీథేన్ అయిపోతుంది. కరెంటు ఖర్చు చాలా తక్కువ. కట్టినవాళ్లని నేను తప్పు పట్టను, అప్పటి నిబంధనలకి, మన వాతావరణానికి అది మంచి ఎంపికే. కాకపోతే అమ్మోనియాని అది ముట్టదు. ప్రోటీన్లు విరిగి ఇంకాస్త పెరుగుతుంది కూడా. అంటే ముహూర్తానికి ముందే ఎవడో వచ్చి గిన్నెలన్నీ ఊడ్చేసి, రెండో బంతి వాటా మాత్రం వదిలిపోయాడన్నమాట. దాని వెనక ఎంత గొప్ప ఏరేషన్ కట్టినా మూడో బంతికి మిగిలేది ఖాళీ గిన్నెలే. కొంత పచ్చి మురుగుని యూఏఎస్‌బీలోకి పంపకుండా నేరుగా మళ్లించాలి, లేదా మూడో బంతికి తిండిగా మెథనాల్ లాంటిది కొని పోయాలి, లేదా పక్కన కొత్తది కట్టుకోవాలి.

హైదరాబాద్ కొత్తవాటికే మొగ్గింది. 2021లో 3,866 కోట్లతో 31 ఎస్‌టీపీలు మంజూరయ్యాయి, మొత్తం 1,259.5 ఎమ్మెల్డీ. అంబర్‌పేట, నాగోల్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. పద్ధతి ఎస్‌బీఆర్. మూడు బంతులకీ ఒకటే హాలు, టైమ్ ప్రకారం. బ్లోయర్ ఆపితే మూడో బంతి, వేస్తే మొదటి, రెండో బంతులు, తర్వాత అంతా ఆపేసి స్లడ్జ్ అడుక్కి దిగాక పైనున్న తేట నీళ్లు డికాంటర్‌తో తీసేస్తారు.

సరిగ్గా నడుస్తోందో లేదో తెలియాలంటే ఆపరేటర్ బల్ల మీద లీటర్ గాజు సిలిండర్ చూడండి. ఏరేషన్ ట్యాంక్ నీళ్లు పోసి అరగంట వదిలేస్తాడు. మంచి స్లడ్జ్ అయితే గోధుమ రంగు, తడిమట్టి వాసన, చక్కగా అడుక్కి దిగుతుంది, పైన తేట. అందరూ అక్కడితో రాసుకుని వెళ్లిపోతారు. ఇంకాసేపు ఆగితే కొన్నిసార్లు తమాషా కనిపిస్తుంది. దిగిన బురద ముద్దలు ముద్దలుగా పైకి లేస్తుంది, మధ్యలో సన్నటి బుడగలు. అది నైట్రోజన్. అంటే ట్యాంక్‌లో జరగాల్సిన మూడో బంతి సిలిండర్‌లో జరుగుతోంది. సెటిలింగ్ దశలో ఇదే జరిగితే స్లడ్జ్ నీళ్లతో పాటు బయటికి పోతుంది, టీఎస్ఎస్ 20 గోవిందా.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. ఫాస్ఫరస్‌కి ఫెర్రిక్ క్లోరైడ్‌ గానీ ఆలమ్‌ గానీ వేస్తారు, పని అవుతుంది, స్లడ్జ్ పెరుగుతుంది. ఫీకల్ కోలిఫాం (మలంతో వచ్చే బ్యాక్టీరియా) 100 మిల్లీలీటర్లకి 230కి దిగాలంటే క్లోరిన్, కానీ అమ్మోనియా మిగిలి ఉంటే క్లోరిన్ ముందు దానితోనే కలిసిపోయి పవర్ తగ్గుతుంది, డోసు మీద డోసు పడుతుంది. కాబట్టి ఇదీ రెండో బంతి పుణ్యమే. పాత ట్యాంక్‌లోనే ప్లాస్టిక్ మీడియా (చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు) వేసి రెండో బంతికి అంటుకునే చోటు ఇవ్వొచ్చు, కాకపోతే ముందు చెత్త ఆపే జల్లెడలు సరిగ్గా లేకపోతే జుట్టు, చెత్త చుట్టుకుని మొరాయిస్తుంది. ఇదంతా ప్లాంట్ నడుస్తుండగానే చేయాలి, పొద్దున్నే ఊరంతా స్నానాలు మానేయదు కదా. ఇంకోటి, బీఓడీ రిజల్ట్ మన ల్యాబుల్లో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులకి వస్తుంది. అమ్మోనియా అదే రోజు తెలిసిపోతుంది. నేనైతే ముందు అదే చూస్తా. తీసిన స్లడ్జ్ ఎక్కడికి పోతుందన్నది వచ్చే వీడియోలో.