మీటర్‌లో 12 వోల్టులు ఉన్నా టాప్ ఎందుకు లేవదు?

[తెర మీద: సగం లేచి ఆగిపోయిన కన్వర్టిబుల్ టాప్]

కన్వర్టిబుల్ అంటే పైకప్పు మడిచేసుకునే కారు, ఆ పైకప్పే టాప్. ఈ వారం కూడా అదే ప్రశ్న. "మోటార్ దగ్గర మీటర్ పెట్టి చూశాను, 12 వోల్టులు వస్తున్నాయి, టాప్ మాత్రం లేవట్లేదు, అంటే మోటార్ పోయినట్టే కదా?" కాదండీ. దయచేసి ఇంకా ఏమీ కొనకండి. ఆ 12 వోల్టులు చూసి ఎంతమంది బాగున్న మోటార్లను విప్పి పక్కన పడేశారో తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. నేనూ ఒకసారి అలాగే కొత్త మోటార్ తెచ్చి బిగించాను, అదీ కదల్లేదు, అసలు తప్పు ఒక్క స్క్రూ కింద ఉంది. ఆ స్క్రూ దగ్గరికి వస్తాను.

ఇవాళ చెప్పేది 1950లు, 60ల అమెరికన్ కార్లలో ఎక్కువగా కనిపించే హైడ్రాలిక్ టాప్, అంటే ఆయిల్ ఒత్తిడితో కదిలే టాప్ గురించి. వెనక సీటు వెనకాల మోటార్, దాన్ని అంటుకుని పంపు, అటూ ఇటూ రెండు సిలిండర్లు. మోటార్ ఒకవైపు తిరిగితే టాప్ లేస్తుంది, రెండోవైపు తిరిగితే ముడుచుకుంటుంది. 1939 ప్లిమత్‌లో అయితే టాప్ వాక్యూమ్‌తోనే లేచేది, అది నాకు చాలా ఇష్టమైన కథ, కానీ ఇవాళ అటు వెళ్తే ఇక తిరిగి రాను.

సరే, బావి దగ్గర చేంతాడు ఊహించుకోండి. మూడు పేటల తాడు, అందులో రెండు పేటలు తెగిపోయాయి, ఒక్కటే మిగిలింది. ఖాళీ చేద కట్టి వదిలితే ఏమవుతుంది? హాయిగా దిగుతుంది, హాయిగా పైకి వస్తుంది. తాడు బాగానే ఉందనుకుంటాం. నీళ్లు నిండిన చేద లాగినప్పుడు గానీ దాని సంగతి బయటపడదు.

మీ మల్టీమీటర్ ఆ ఖాళీ చేద. మామూలు డిజిటల్ మీటర్ లోపలి రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డు, 10 మెగా ఓమ్‌ల (కోటి ఓమ్‌ల) దాకా ఉంటుంది కాబట్టి, అది లాగే కరెంటు ఒక ఆంపియర్‌లో పది లక్షల వంతు లాంటిది. వైరులో ఒక్క పోగు మిగిలినా, కనెక్టర్ నిండా పచ్చటి చిలుము పట్టినా ఆ కాస్త కరెంటు వచ్చేస్తుంది, మీటర్ నిండుగా 12 చూపిస్తుంది. మోటార్‌కి కావాల్సింది మాత్రం పదుల ఆంపియర్లు. దారిలో ఎక్కడో 0.1 ఓమ్ రెసిస్టెన్స్ ఉందనుకోండి, మోటార్ 30 ఆంపియర్లు లాగితే అక్కడే 3 వోల్టులు పోతాయి. మోటార్‌కి మిగిలేది 9. అందులోనూ 0.1 ఓమ్ తేడా మీ మీటర్‌లో ఓమ్స్ పెట్టి చూస్తే సరిగ్గా దొరకదు కూడా, మీటర్ సొంత వైర్లకే అంత ఉండొచ్చు.

అందుకే చేద నింపి చూడాలి. హెడ్‌లైట్ బల్బు ఒకటి మోటార్ కనెక్టర్ దగ్గర తగిలించండి, 55 వాట్ల బల్బు అయితే నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది, అంటే చేద అడుగున కాసిని నీళ్లు ఉన్నట్టు. అది కూడా మసకగా వెలిగితే తాడు తెగినట్టే. బాగా వెలిగినంత మాత్రాన నిశ్చింతగా ఉండొద్దు, అసలు పరీక్ష మోటార్‌తోనే: అది తగిలించి ఉండగానే ఒకరు స్విచ్ నొక్కాలి, ఒకరు మీటర్‌లో 12 ఎంతకి పడిపోతుందో చూడాలి. దానికి ముందు టాప్‌ని ముందువైపు పట్టి ఉంచే లాచ్‌లు (కొక్కేలు) విప్పారో లేదో, టాప్ మడత పడే చోట ఏమీ లేదో, ఎవరి వేళ్లూ అక్కడ లేవో చూసుకోండి. నొక్కడం కూడా రెండు మూడు సెకన్లే.

[క్లోజప్: మీటర్ వైర్ల చివరి ముళ్లు ఒకే కనెక్టర్‌కి రెండు పక్కలా]

ఇప్పుడు ఈ తాడు ఒకే ముక్క కాదు. బ్యాటరీ నుంచి సర్క్యూట్ బ్రేకర్ (కరెంటు ఎక్కువైతే ఆపేసేది), అక్కడి నుంచి స్విచ్, అక్కడి నుంచి వెనక దాకా కనెక్టర్లు, అంటే ముక్కలు ముక్కలు ముడేసిన తాడన్నమాట. ఏ ముడి జారుతోందో తెలుసుకోవాలంటే, స్విచ్ నొక్కి ఉంచి ఒక్కో ముడికి ఇటుపక్క ఒక ముల్లు, అటుపక్క ఒక ముల్లు పెట్టండి. మంచి ముడి దగ్గర దాదాపు సున్నా చూపిస్తుంది. ఎక్కడ ఒక వోల్టో రెండు వోల్టులో కనిపిస్తే అదే దొంగ. 1957లో వచ్చిన ఫోర్డ్ స్కైలైనర్‌లో ఇనుప టాప్ కోసమే 600 అడుగులకు పైగా వైరు ఉండేది, దాన్ని ఇలా ముడి ముడి వెతికి బాగుచేసేవాళ్లంటే నాకు ఎంతో గౌరవం.

అసలు ఎక్కువమంది మర్చిపోయేది తిరుగుదారి. గిలకకి ఇటువైపు తాడు ఎంత ముఖ్యమో అటువైపు తాడూ అంతే ముఖ్యం కదా! మోటార్ నుంచి ఎర్త్ వైరు కారు బాడీకి స్క్రూతో బిగించి ఉంటుంది. కారుకి కొత్త పెయింట్ వేసినప్పుడు ఆ స్క్రూ కింద కూడా పెయింట్ పడుతుంది, పైనుంచి చూస్తే మెరుస్తూ ఉంటుంది, కరెంటు మాత్రం పోదు. నేను ఇందాక చెప్పిన స్క్రూ అదే. పది నిమిషాలు గీకి, మెరిసే ఇనుము కనిపించాక బిగిస్తే పాత మోటారే టాప్‌ని లేపేసింది. స్విచ్ నొక్కి, ఎర్త్ వైరుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య చూడండి, అర వోల్టు దాటితే ముందు అక్కడ గీకండి.

టైం అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్తాను. స్విచ్ నొక్కగానే లోపలి లైటు బాగా మసకబారి మోటార్ తిరగకపోతే కరెంటు వస్తోంది, ఎక్కడో ఇరుక్కుంది, వెంటనే వదిలేయండి. లైటు ఏమాత్రం మసకబారకపోతే కరెంటే రావట్లేదు. మూడు వైర్ల మోటార్‌లో పైకి లేస్తుంది కానీ కిందికి దిగదు అంటే బ్రేకర్, ఎర్త్ రెండూ బాగున్నట్టే, ఎందుకంటే అవి రెండు దిక్కులకీ ఒకటే. అప్పుడు స్విచ్‌లో ఆ వైపు కాంటాక్ట్, ఆ వైపు వైరు, లేదా మోటార్‌లో ఆ వైపు రాగితీగ చుట్ట చూడాలి. బ్రేకర్ టక్కుమని ఆగి కాసేపటికి మళ్లీ పట్టుకుంటుంటే దాన్ని తీసేసి నేరుగా వైరు కలపొద్దు, వైర్లు కాలిపోతాయి. లోపలి కాంటాక్టులు మాడిన పాత బ్రేకర్ తన వేడికే ఆగిపోతుంది, అదే రేటింగ్‌ది కొత్తది వేయండి. మోటార్ గుర్రుమని జోరుగా తిరుగుతూ టాప్ కదలకపోతే ఇక కరెంటు జోలికి వెళ్లొద్దు, పంపులో ఆయిల్ చూడండి. కొన్ని కార్లకి బ్రేక్ ఫ్లూయిడ్, కొన్నిటికి ట్రాన్స్‌మిషన్ ఆయిల్, మీ కారు మాన్యువల్‌లో ఏది రాసి ఉంటే అదే పోయండి, రెండూ కలిపితే లోపలి రబ్బరు సీళ్లు పాడైపోతాయి.