కథ మధ్యలో పాట

శ్రోతలకు నమస్కారం. ఇవాళ మీకో సాలీడు కథ చెబుతాను.

ఆ సాలీడు పేరు అనాన్సే. పశ్చిమ ఆఫ్రికాలో, ఘానా దేశపు అకాన్ ప్రజల సాలీడు. వాళ్లు రాత్రిపూట చెప్పుకునే కథలన్నిటినీ, అందులో సాలీడు లేకపోయినా సరే, అనాన్సేసెమ్ అంటారు. అంటే సాలీడు కథలు. ఆ పేరెలా వచ్చిందో చెప్పే కథ ఇది.

మొదట్లో కథలన్నీ ఆకాశదేవుడు న్యామే దగ్గరే ఉండేవట. అనాన్సే వెళ్లి కొంటానన్నాడు. కొండచిలువను, చిరుతపులిని, కందిరీగల్ని, అడవిలో తిరిగే ఓ మాయావిని పట్టి తెస్తే ఇస్తానన్నాడు దేవుడు. అనాన్సే ఇంటికొచ్చి భార్య అసోకి చెప్పాడు. ఉపాయం ఆవిడదే. "పొడుగాటి మట్ట ఒకటి, గట్టి తీగ ఒకటి కోసుకురా" అంది.

రెండూ పట్టుకుని ఏటి గట్టున నడుస్తూ పోట్లాట మొదలుపెట్టారు. ఇదే పొడుగు. కాదు, కొండచిలువే పొడుగు. కాదు, ఇదే పొడుగు. కొండచిలువ తల ఎత్తి, "ఏమిటా గొడవ?" అంది. "ఈ మట్ట నీకంటే పొడుగంటుంది మా ఆవిడ. అబద్ధమంటాను నేను." "అయితే కొలిచి చూడు" అంది కొండచిలువ. మట్ట పక్కనే బారుగా పడుకుంది. "ఇంకాస్త సాగు" అన్నాడు. సాగింది. అనాన్సే తీగ చుట్టడం మొదలుపెట్టాడు. న్వెనెనె... న్వెనెనె... న్వెనెనె... తలదాకా!

నాకు ఈ చప్పుడంటే ప్రాణం. తీగ బిగుసుకోవడం చెవికి వినిపిస్తుంది.

మిగతా ముగ్గుర్నీ పట్టాడు, కథలు సాలీడువయ్యాయి.

ఆ తర్వాత బానిసల ఓడలు వచ్చాయి. మనుషుల్ని సంకెళ్లతో అట్లాంటిక్ దాటించారు. చేతిలో ఏమీ లేనివాళ్ల వెంట అనాన్సే వెళ్లాడు. జమైకాలో నేటికీ అనాన్సీ ఉన్నాడు, కురసావ్‌లో నాన్సీ అయ్యాడు.

ఘానాలో కథ వినేవాళ్లు ఊరుకోరు. మనం ఊ కొడతాం కదా, అకాన్ ఊళ్లలో అయితే కథ మధ్యలో ఒకరు లేచి పాటే అందుకుంటారు. దాన్ని మ్బోగువో అంటారు. కథ ఆగుతుంది, అందరూ పాడతారు, మళ్లీ కథ సాగుతుంది. 1960లలో నాటక రచయిత్రి ఎఫువా సదర్లాండ్ అట్వియా ఊరివాళ్లతో కలిసి కథలకోసం ఒక ఇల్లే కట్టించారు. దాని పేరు కొద్జిదాన్, కథల ఇల్లు. ఆ పాటల పద్ధతిని తన నాటకాల్లోకీ తెచ్చారు. కథ పుస్తకంలోకి ఎక్కితే మధ్యలో ఆపి పాడేవాళ్లు ఉండరు. ఈ రేడియోలోనూ ఉండరు. నాకు అదే బాధ.

అందుకే ఒక్క మాట. ఇవాళ రాత్రి పిల్లలకు ఈ కథ చెప్పండి. తీగ చుట్టే చోట ఆగండి. ఆ చప్పుడు మీరు చెయ్యకండి, వాళ్లను చెయ్యనివ్వండి. న్వెనెనె అనే అనక్కర్లేదు, వాళ్లకు తోచింది అననివ్వండి. తలదాకా చుట్టేవరకూ అంటూనే ఉండనివ్వండి.