పనీరు కోసం నీస్ దాకా వెళ్లాలా?

(కాకినాడలో మా వాకర్స్ సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, పొద్దున్నే అయిదింటికి నాతో పాటు నడిచే మిత్రులకి, నడవకపోయినా సరిగ్గా టిఫిన్ టైముకి వచ్చి కలిసే మిత్రులకి నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దల్ని పేరుపేరునా తలుచుకోవడం మర్యాదే. కానీ కిందటేడు ఇక్కడే ఒకాయన పేర్లు చదవడానికి పదకొండు నిమిషాలు తీసుకున్నారు. నేను వాచీ చూసుకుంటూ కూర్చున్నాను కాబట్టి లెక్క కచ్చితం. నాకు ఇచ్చింది ఇరవై నిమిషాలు. అందుకని అందరికీ కలిపి ఒకటే దణ్ణం.

నాకిచ్చిన అంశం 'మా ఐరోపా యాత్రా విశేషాలు'. పన్నెండు రోజులు, ఆరు దేశాలు. ఈఫిల్ టవర్, మంచు కొండలు, ఒరిగిపోయిన గోపురం, అన్నీ మన గ్రూపులో పెట్టాను, మీరంతా బొటనవేలు గుర్తు పెట్టారు కూడా. వాటి జోలికి పోను. ఒక్క ఊరు, ఆ ఊళ్లో ఒక్క రోజు గురించి చెబుతాను. దానికి ముందు నా బాధ ఒకటి చెప్పుకోనివ్వండి.

మమ్మల్ని తీసుకెళ్లిన టూరు కంపెనీ పేరు చెప్పను. వాళ్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: రోజూ ఇండియన్ డిన్నర్ గ్యారంటీ. మాట నిలబెట్టుకున్నారు. పారిస్‌లో దిగిన రాత్రి పనీర్ బటర్ మసాలా, జీరా రైస్, పల్చటి పప్పు, గులాబ్ జామ్. పోన్లే, మొదటి రోజు కదా అనుకున్నాం. స్విట్జర్లాండ్‌లో పనీర్ బటర్ మసాలా. ఇటలీలో, పిజ్జా పుట్టిన దేశంలోనండీ, పనీర్ బటర్ మసాలా. పన్నెండు రాత్రుల్లో తొమ్మిదిసార్లు... ఏంటి? పదా? మా ఆవిడ మూడో వరసలోంచి పది అంటోంది. ఆవిడ డైరీ రాసింది, నేను రాయలేదు. పది.

మా సూట్‌కేసులో ఆవకాయ సీసా, కందిపొడి, వేడినీళ్లు పోస్తే అయిపోయే ఉప్మా ప్యాకెట్లు కూడా ఉన్నాయి, దాచను. ఆవకాయని నేనేమీ అనడం లేదు. అంటే రాత్రికి ఇంట్లోకి రానివ్వరు.

ఇక నీస్. ఫ్రాన్స్‌కి దక్షిణాన, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. అది శాశ్వతంగా ఫ్రాన్స్‌లో కలిసింది 1860లోనే, దానికి ముందు సార్డీనియా రాజ్యంలో ఉండేది. ఇటలీ ఏకీకరణ కోసం యుద్ధాలు చేసిన గారిబాల్డీ 1807లో పుట్టింది అక్కడే. ఇంగ్లండు విక్టోరియా రాణి ముసలితనంలో, 1895 నుంచి 1899 దాకా, ఏటా చలి తప్పించుకోవడానికి వెళ్లేదట. 2021లో యునెస్కో ఆ ఊరికి ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది. ఇన్ని విశేషాలున్న ఊరికి మా కంపెనీ ఇచ్చింది నలభై అయిదు నిమిషాలు. సోమవారం సాయంత్రం సముద్రం పక్క ఏడు కిలోమీటర్ల రోడ్డు మీద బస్సు ఆపి, ఫొటోలు తీసుకోండి అన్నారు. బీచిలో ఇసుక లేదు, అన్నీ గుండ్రాళ్లు. చెప్పులు విప్పి నాలుగడుగులు వేసేసరికి మా ఆవిడ 'మన సూర్యారావుపేట బీచే నయం' అంది. మర్నాడు పొద్దున్నే మొనాకో అన్నారు. కేసినో, ఖరీదైన కార్లు చూపిస్తారట.

ఆ రాత్రి హోటల్ కౌంటర్లో ఉన్న అమ్మాయిని ఊరికే అడిగాను, మీ ఊళ్లో ఏం తింటారు అని. రెండు క్షణాలు కూడా ఆలోచించలేదు. 'సొక్కా' అంది. దేంతో చేస్తారన్నాను. తన ఫోన్లో రాసి చూపించింది. శనగపిండి. అప్పటిదాకా మోకాళ్లు పట్టుకుని సోఫాలో కూర్చున్న మా ఆవిడ ఆ మాటకి లేచొచ్చింది.

మా ఆవిడ శాకాహారి. నేను కాదు. ఐరోపా అంతా ఆవిడకి రొట్టె, వెన్న, అరటిపండు, లేకపోతే పనీరు. అలాంటి మనిషికి శనగపిండి అనే మాట ఎలా వినపడి ఉంటుందో ఆలోచించండి. మర్నాడు మొనాకోకి మేం రాం అన్నాం. టూరు మేనేజరు కుర్రాడు మంచివాడే, పాపం హడలిపోయాడు. 'అంకుల్, మా బాధ్యత కాదు అని సంతకం పెట్టండి' అన్నాడు. ముప్ఫై ఆరేళ్లు బ్యాంకులో సంతకాలు పెట్టాను, ఇంత ఆనందంగా ఎప్పుడూ పెట్టలేదు.

మా హోటల్ విమానాశ్రయం పక్కన. అక్కడి నుంచి ఓడరేవు దాకా నేరుగా ట్రామ్ ఉంది. రేవు దగ్గర పళ్లని పాకంలో ఊరేసి మిఠాయి చేసే దుకాణం ఒకటుంది, లోపల చేసే విధానం కూడా చూపిస్తారు. నారింజలు, క్లెమెంటైన్లు కాయ కాయగా ఉడికించి లేతపాకంలో వేస్తారు. మర్నాడు పాకం కాస్త ముదర పెడతారు. ఆ మర్నాడు ఇంకాస్త. అలా రోజుల తరబడి. కాయలో నీరు బయటికొస్తూ, పాకం లోపలికి పోతూ ఉంటుంది. తొందరపడి మొదటి రోజే ముదురుపాకంలో వేస్తే కాయ ముడుచుకుపోతుందట. ఇది విని మా ఆవిడ 'గొట్టం కాజా' అంది. నిజమేనండీ. కొరికితే పాకం గడ్డం మీదికి కారాలి, పైన మాత్రం పొడిగా ఉండాలి. ఆ విద్య ఇక్కడా ఉంది. కాకపోతే వాళ్లది రోజుల పని, మనది గంటల పని.

అక్కడి నుంచి కొండ చుట్టూ సముద్రం పక్కనే నడిచాం. ఆ మలుపు పేరు రోబా కపేవు. ఆ ఊరి పాత భాషని నిస్సార్ట్ అంటారు, అందులో రోబా కపేవు అంటే టోపీ దొంగ. అంత గాలి. పాతబస్తీలో వీధుల పేర్లు ఫ్రెంచిలోనూ ఆ భాషలోనూ రెండింటిలోనూ రాసి పెట్టారు. మన సంఘం కిందటేడు ఇచ్చిన తెల్లటోపీ ఆ మలుపులో ఎగిరి మధ్యధరా సముద్రంలో పడింది. కార్యదర్శి గారూ, నాకు ఇంకో టోపీ ఇప్పించాలి.

మలుపు తిరిగితే పాతబస్తీ, కూర్ సలేయా సంత. సోమవారం అక్కడ పాత సామాన్లు అమ్ముతారు, మిగతా రోజులు పూలు, కూరగాయలు. మేం వెళ్లింది మంగళవారం కాబట్టి బతికిపోయాం. చారల పందిళ్ల కింద గుమ్మడి పూలు, చిట్టి ఆలివ్ కాయలు, నిమ్మకాయలు. సంత చివర పసుప్పచ్చ మేడలో మతీస్ అనే గొప్ప చిత్రకారుడు చాలా ఏళ్లు ఉన్నాడట. మేం మేడ చూడలేదు. మేం క్యూ చూశాం.

సొక్కా గురించి కాస్త నిదానంగా చెప్పనివ్వండి. శనగపిండి, దానికి రెండింతలు నీళ్లు, ఉప్పు, ఆలివ్ నూనె. అంతే. సోడా లేదు, వాము లేదు, కారం లేదు. దోశపిండి కంటే పల్చగా, మజ్జిగలా కలిపి కాసేపు నాననిస్తారు. పళ్లెం మాత్రం చూడాలండీ. కళాయి పూసిన రాగి పళ్లెం, మన పెళ్లిళ్లలో అప్పడాలు పెట్టే పళ్లేలంత వెడల్పు. కళాయి పూసేవాడు మన వీధుల్లోంచి మాయమై ఎన్నేళ్లయింది? అక్కడ ఇంకా ఆ పళ్లెం పనిచేస్తోంది. అందులో నూనె పోసి, పిండి పల్చగా పరిచి, కట్టెల పొయ్యిలోకి తోస్తారు. కింద సెగ, పైన మంట. పైన అక్కడక్కడ నల్లగా బొబ్బలు, అంచులు కరకర, లోపల మెత్తన. దాన్ని నీటుగా ముక్కలు కొయ్యరు. గీకి, చింపి, కాగితంలో వేసి, పైన మిరియాల పొడి దండిగా చల్లి చేతికిస్తారు. చేత్తోనే తినాలి.

కింద సెగ, పైన మంట. ఇది మీకెక్కడైనా తగిలిందా? ఇనప మూకుడులో మినప్పిండి పోసి, మూత మీద నిప్పులు పెట్టి, మా అమ్మ వేసిన దిబ్బరొట్టె అదేనండీ! గ్యాసు వచ్చాక పైనిప్పు పోయింది. పైనిప్పు పోయాక దిబ్బరొట్టెలో సగం పోయింది. ఇంకో పది నిమిషాలిస్తే దిబ్బరొట్టె గురించే మాట్లాడతాను. ఇవ్వరా? సరే.

మా ఆవిడ మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. అప్పుడు సరిగ్గా ఢాం అని పేలింది. ఆవిడ అదిరిపడి కాగితం వదిలేసింది, సొక్కా అంతా రాళ్ల మీద. ఆ ఊళ్లో రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి కొండ మీద ఫిరంగిలా ఒకటి పేలుస్తారు. పూర్వం ఒక స్కాట్లండ్ దొర భార్య కబుర్లలో పడి భోజనం వేళ మరిచిపోయేదని, ఆవిడని ఇంటికి రప్పించడానికి మొదలుపెట్టించాడని చెప్పుకుంటారు. ఈ కథ చెప్తే మా ఆవిడ, 'ఆ దొర తనే వండుకుంటే పోయేదిగా' అంది. మళ్లీ క్యూలో నిలబడ్డాం. రెండోసారి తిన్నాక ఆవిడ తీర్పు: 'పిండి తేడా. మనం పొట్టు తీసిన శనగపప్పు ఆడిస్తాం, వీళ్లది తెల్ల శనగలు. కాస్త అల్లం, పచ్చిమిర్చి పడితే ఎదురుండదు.' మూడోసారి కూడా నిలబడింది మరి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పిస్సలదియేర్ అని ఒకటి. రొట్టె మీద ఉల్లిపాయలు గంటల తరబడి మగ్గబెట్టి తియ్యగా అయ్యాక పరిచి, ఆలివ్ కాయలు, ఆంకోవీ అనే చిన్న చేపలు పెడతారు. పిస్సలా అంటే ఉప్పుచేప ముద్ద, ఆ పేరు అందులోంచే వచ్చింది. ఉప్పుచేప అంటే ఏమిటో కాకినాడ వాళ్లకి నేను వివరించక్కర్లేదు. నేనొక్కణ్ణే తిన్నాను. పాన్ బన్యా అంటే తడిపిన రొట్టె. గుండ్రటి బన్నుని కోసి, టమాటా, ముల్లంగి, గుడ్డు, చేప కూరి, ఆలివ్ నూనెతో తడుపుతారు. ఒకప్పుడు ఎండిపోయిన రొట్టెని పారెయ్యకుండా కూలిజనం కనిపెట్టిన తిండి. మా ఆవిడకి ఆకుకూర తీపి కజ్జం దొరికింది. నిజంగానే! పాలకూర, బీట్‌రూట్ ఆకు చుట్టమైన ఒక ఆకుని సన్నగా తరిగి, కిస్‌మిస్‌లు, పైన్ గింజలు, పంచదార కలిపి, రెండు పిండి రొట్టెల మధ్య పెట్టి కాలుస్తారు. లోపల గుడ్డు వేస్తారని తిన్నాక తెలిసింది. ఈ విషయం ఇప్పటిదాకా ఆవిడకి చెప్పలేదు. ఇప్పుడు తెలిసిపోయింది. క్షమించాలి.

రొసెట్టి చౌకులో ఐస్‌క్రీమ్ దుకాణం, 1966 నుంచి ఉందట. తొంభై పైచిలుకు రకాలు. టమాటాతో కూడా చేస్తారు. నేను లావెండర్ తిన్నాను, తల నూనె వాసనొచ్చింది.

ఆ ఊరికి జాక్ మెద్‌సాఁ అని ఒక మేయరు ఉండేవాడు, 1966 నుంచి 1990 దాకా. తమ ఊరి వంటల మీద ఏకంగా పుస్తకం రాశాడు. నీస్ సలాడ్‌లో దయచేసి ఉడికించిన బంగాళాదుంప వెయ్యొద్దని అందులో వేడుకున్నాడు. తర్వాత అవినీతి కేసులు మెడకి చుట్టుకుని ఉరుగ్వేకి పారిపోయాడు, 1994లో పట్టి తెచ్చి జైల్లో పెట్టారు. ఆయన్ని నేను సమర్థించడం లేదు. కానీ ఊరి తిండి గురించి అంత పట్టింపు ఉన్న ప్రజాప్రతినిధిని మీరు ఎక్కడైనా... వద్దులెండి, ఇది రాజకీయ వేదిక కాదు.

ఆ సాయంత్రం మొనాకో నుంచి వచ్చినవాళ్లతో కలిసి డిన్నర్‌కి వెళ్లాం. ఏం పెట్టారు? గట్టిగా చెప్పండి! ఆ, అదే.

ఇంతసేపూ టూరు వాళ్లని తిట్టాను కదా. నా సంగతి కూడా వినండి. తిరిగొచ్చాక మొన్న సంక్రాంతికి మా అల్లుడి స్నేహితుడు పుణె నుంచి వచ్చాడు. మొదటిసారి కాకినాడ రావడం. నేనేం చేశాను? ఏసీ హోటల్‌కి తీసుకెళ్లి మెనూ కూడా చూడకుండా పనీర్ బటర్ మసాలా చెప్పాను. అతిథి కదా, ఉత్తరాది వాడు కదా, బాగుంటుందని. ఆ అబ్బాయి తిన్నాడు, మర్యాదస్తుడు. చెయ్యి కడుక్కుంటూ అడిగాడు, 'అంకుల్, మీ ఊళ్లో ఏం తింటారు?' అని.

ఆ హోటల్ అమ్మాయికి రెండు క్షణాలు పట్టలేదు. నాకు లిఫ్టు కింది దాకా వచ్చేవరకూ పట్టింది. రాత్రి ఎనిమిదింటికి అతన్ని స్కూటర్ ఎక్కించుకుని కాజా కోసం, బండి మీద మిరపకాయ బజ్జీ కోసం, పిడత కింద పప్పు కోసం ఊరంతా తిరిగాను. పిడత కింద పప్పు బండి ఉండే చోట మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. ఆయన ఏమయ్యాడని అడిగితే పక్కవాడికి తెలియదు. మీలో ఎవరికైనా తెలుసా? కుళాయిచెరువు వైపు నిలబడేవాడు, చిన్న పిడతలో నిప్పులు వేసుకుని. తెలిస్తే సభ అయ్యాక నాకు చెప్పండి. నిజంగానే అడుగుతున్నాను.

కార్యదర్శి గారు చీటీ పంపారు. రెండు నిమిషాలట. సరే, ఒక్క విషయం. రాత్రి మన భోజనాల మెనూ కాగితం గేటు దగ్గర అంటించారు. మూడో ఐటమ్ ఏంటో చూశారా? నవ్వకండి, కార్యదర్శి గారూ మీరు కూడా నవ్వకండి, ఆర్డరు ఇచ్చింది మీరే. వచ్చే ఏడాది ఆ మూడో ఐటమ్ బదులు దిబ్బరొట్టె, చెరుకు పానకం పెట్టాలని నేను తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేవాళ్లు చెయ్యెత్తండి. పదిహేను, పదహారు... ఆ వెనక ఉన్నాయన చెయ్యెత్తారా, తల గోక్కుంటున్నారా? పోన్లెండి, లెక్కలో వేసేశాను.

మా ఆవిడ మూడో వరసలోంచి లేచి వెళ్లిపోయిందేంటా అని చూస్తున్నారేమో. వెనక వంటశాలలో పెనం పెట్టింది. రాగి పళ్లెం లేదు, కట్టెల పొయ్యి లేదు, ఉన్నంతలో సొక్కా వేస్తోంది. అల్లం, పచ్చిమిర్చి ఒక గిన్నెలో కలిపింది, ఇంకో గిన్నెలో అక్కడిలాగే ఉత్తదే ఉంచింది. మిరియాల పొడి డబ్బా బల్ల మీద ఉంది. ఇది వేడి మీద తినాలి, చల్లారితే అట్టముక్క. నేను ఇంకా మాట్లాడితే మీకు అట్టముక్కే దక్కుతుంది. ముందు ఆ చివరి వరస వాళ్లు లేవండి, దారి ఇరుకు.