చెరువుకు వంక ఉన్నట్టే

వేదిక మీది పెద్దలకూ, తిరుపతి కాలేజీల నుంచి వచ్చిన పిల్లలకూ నమస్కారం. శాలువాలు తర్వాత చూద్దాం, నాకిచ్చింది ముప్పావు గంటే.

గెలాక్సీలు, అంటే కోట్లాది నక్షత్రాల గుంపులు, ఎట్లా పుట్టాయంటే నాకు మా ఊరి చెరువే గుర్తొస్తుంది. మాది చిత్తూరు పక్కన పల్లె. పల్లం ఉంటే, వాన పడితే, వంకలే నీళ్ళు తెచ్చి చెరువు నింపుతాయి. విశ్వంలోనూ ముందు పల్లాలే ఏర్పడ్డాయి. విశ్వానికి 3,80,000 ఏళ్ళ వయసప్పుడు బయలుదేరిన వెలుగు ఇప్పటికీ మనకు అందుతోంది. దాని ఉష్ణోగ్రతలో తేడాలు లక్షలో ఒక వంతు, అంతే! పదార్థం ఒకచోట కాస్త ఎక్కువ, ఒకచోట కాస్త తక్కువ ఉందనడానికి అవి గుర్తులు. ఆ కాస్త ఎత్తుపల్లాలను గురుత్వాకర్షణ కోట్ల ఏళ్ళపాటు లోతు చేసింది. ఆ పనిలో పెద్ద చెయ్యి కంటికి కనపడని కృష్ణ పదార్థానిది. మామూలు పదార్థానికి అది సుమారు అయిదింతలు. హైడ్రోజన్, హీలియం ఆ పల్లాల్లోకి జారి, చల్లబడి, నక్షత్రాలయ్యాయి. చిన్న గెలాక్సీలు కలిసి పెద్దవయ్యాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గెలాక్సీ ఒకసారి పుట్టి ఊరుకునేది కాదు. వంకల్లాంటి సన్నటి దారుల వెంట బయటి నుంచి వాయువు వస్తూ ఉండాలి. సుమారు 1000 కోట్ల ఏళ్ళ కిందట ఆ రాక జోరుగా ఉండేది, నక్షత్రాలు ఇప్పటికంటే దాదాపు పదింతలు పుట్టేవి. తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట నుంచి 2015లో ఎగిరిన మన అంతరిక్ష టెలిస్కోప్ ఆస్ట్రోశాట్, 930 కోట్ల ఏళ్ళ కిందట బయలుదేరిన అతినీలలోహిత కాంతిని ఒక గెలాక్సీ నుంచి పట్టింది. అది ఆ జోరు రోజుల కాంతే పిల్లలూ! ఇప్పుడు మన పాలపుంతలో ఏడాదికి ఒకటి రెండు సూర్యుళ్ళంత వాయువే నక్షత్రాలవుతోంది.

వాయువు రాక ఆగితే? ఉన్న గ్యాస్ అయిపోయేదాకా నక్షత్రాలు పుడతాయి. తర్వాత నీలి నక్షత్రాలు త్వరగా ఆరిపోయి, ముసలి ఎర్రవి మిగులుతాయి. చాలా గెలాక్సీలు ఇట్లాగే, సుమారు 400 కోట్ల ఏళ్ళు తీసుకుని చల్లారాయని 2015లో ఒక పరిశీలన తేల్చింది. వాటిని ఎవరూ పగలగొట్టలేదు. తిండి ఆగింది, అంతే.

మా చెరువూ అంతే. నా చిన్నప్పుడు చెరువు నిండి మొరవ మీదుగా నీళ్ళు పొర్లిపోతే ఊరంతా కట్ట మీదికి పోయి గంగమ్మకు పూజ చేసేవాళ్ళం. తర్వాత ఎగువన వంక మీద రాళ్ళు పాతి ప్లాట్లు వేశారు. నేను మూడుసార్లు అర్జీ ఇచ్చాను. "చెరువును ఎవరూ పూడ్చలేదు కదా మాస్టారూ" అన్నారు ఆఫీసువాళ్ళు. నిజమే, పూడ్చలేదు. గట్టు ఉంది, తూము ఉంది, మొరవ ఉంది. నీళ్ళే లేవు. మూడు కాపులు పండిన ఆయకట్టులో ఇప్పుడు తుమ్మచెట్లున్నాయి. ఆ జవాబు విన్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కృష్ణబిలాల గురించి చెప్పాలని రాసుకొచ్చాను, అది పక్కన పెడుతున్నాను. మీ ఊళ్ళో చెరువుందా? దానికి నీళ్ళు ఏ వంక నుంచి వస్తాయో తెలిసినవాళ్ళు చేతులెత్తండి. ఇంతేనా? వచ్చే ఆదివారం పొద్దున్నే మా వంక మొదలు నుంచి చెరువు దాకా నడుస్తున్నాను. నోట్‌బుక్, పెన్సిల్ తెచ్చుకోండి. ఎక్కడెక్కడ దారి తెగిందో గీద్దాం.